మీట మాత్రం తీసెయ్యకండి

దీపం ఎందుకు వెలగలేదు?

మీ తాతగారి చిన్నతనంలో ఈ ప్రశ్నకు జవాబులు నాలుగైదుకు మించి ఉండేవి కావు. కరెంటు పోయి ఉండాలి, ఫ్యూజు పోయి ఉండాలి, బల్బు మాడిపోయి ఉండాలి, స్విచ్చి పాడై ఉండాలి, లేదా ఎక్కడో తీగ తెగి ఉండాలి. పక్కింట్లో దీపం ఉందా అని కిటికీలోంచి తొంగి చూస్తే మొదటి సంగతి తేలిపోయేది. బల్బు మార్చి చూస్తే మరొకటి తేలేది. అయిదో తరగతి పిల్లవాడు కూడా ఇంత పరిశోధన చెయ్యగలిగేవాడు.

ఇప్పుడు కొన్ని ఇళ్ళలో దీపం సెల్‌ఫోనుతో వెలుగుతోంది. నోటితో చెబితే వెలుగుతోంది. మనిషి గదిలో అడుగు పెట్టగానే తనంత తానే వెలుగుతోంది. బాగానే ఉంది. కాని అది మొరాయించిన రోజున ఏం జరుగుతుందో మీరు చూసే ఉంటారు. ఒకరు ఫోను ఆపి మళ్ళీ వేస్తారు. ఒకరు వైఫై రూటరు ఆపి మళ్ళీ వేస్తారు. ఇంకొకరు బల్బు ఊడదీసి మళ్ళీ పెడతారు. ఎలాగో వెలుగుతుంది. ఏం చేస్తే వెలిగిందో మాత్రం ఎవరికీ తెలియదు. వచ్చే వారం మళ్ళీ ఇదే తంతు!

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దీపాన్ని ఎన్ని కొత్త పద్ధతుల్లో వెలిగించినా సరే, గోడమీద చేత్తో నొక్కే మీట ఒకటి ఉండి తీరాలి. ఫోను లేకపోయినా, ఇంటర్నెట్టు లేకపోయినా, ఆ మీట నొక్కితే దీపం వెలగాలి, ఆరాలి. పాత వస్తువులమీద మోజుకొద్దీ అంటున్న మాట కాదిది. ఆ మీట చీకట్లో మనకు ఆసరా. అంతేకాదు, తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి మన చేతిలో ఉన్న మొదటి పరికరం కూడా అదే. ఎలాగో చూద్దాం.

ఆరని దీపాల బడి

మీట లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఒక బడి సంగతి వినాలి.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో విల్‌బ్రహం అనే ఊరుంది. అక్కడి మినెచాగ్ ఉన్నత పాఠశాలకు 2012లో కొత్త భవనం వచ్చింది. అందులో సుమారు 7,000 దీపాలు. ఎక్కడ ఎంత వెలుతురు కావాలో చూసుకుని, దీపాలను తగ్గించీ పెంచీ కరెంటు ఆదా చెయ్యడానికి ఒక కంప్యూటరు ఏర్పాటు పెట్టారు. 2021 ఆగస్టులో ఆ కంప్యూటరును నడిపించే ప్రోగ్రాము చెడిపోయింది. చెడిపోతే దీపాలన్నీ వెలిగే ఉండాలని ముందే ఏర్పాటు చేసి ఉంచారు. అది తెలివితక్కువ ఆలోచన కాదు. పిల్లలు చీకట్లో చిక్కుకోవడం కంటే దీపాలు అనవసరంగా వెలగడమే నయం కదా! కాని గదిలో నిలబడి దీపం ఆర్పేద్దామంటే అందుకు తగిన మామూలు మీటలు లేవు.

ఇంకేముంది! పగలూ రాత్రీ దీపాలే. పండగ సెలవుల్లోనూ దీపాలే. అందిన చోట ఉపాధ్యాయులు బల్బులు ఊడదీశారు. వీలున్న చోట సిబ్బంది బయటి దీపాలకు కరెంటు వెళ్ళే దారిని కట్టేశారు. ఆ ఏర్పాటు చేసిన సంస్థ ఈలోగా చేతులు మారింది. దాని లోగుట్టు తెలిసినవారిని వెతకడానికే చాలాకాలం పట్టింది. తెలిసినవారు దొరికాక, కరోనా రోజుల కొరతవల్ల కావలసిన భాగాలు దొరకలేదు. 2023 వచ్చాక గాని పని తెమలలేదు. దాదాపు ఏడాదిన్నర! అదనపు ఖర్చు నెలకు వేల డాలర్లు. కరెంటు ఆదా చెయ్యడానికి పెట్టిన ఏర్పాటు చేసిన నిర్వాకం ఇదీ!

యంత్రం పాడవడం ఇక్కడ తప్పు కాదు. యంత్రం అన్నాక ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. పాడైనప్పుడు మనిషి చెయ్యి పెట్టడానికి చోటు ఉంచకపోవడమే తప్పు.

కరెంటు దారి, కబురు దారి

పాత పద్ధతిలో స్విచ్చికీ బల్బుకూ మధ్య ఉన్నది ఒకే దారి. స్విచ్చి నొక్కితే తీగ అతుక్కుంటుంది, కరెంటు పారుతుంది, బల్బు వెలుగుతుంది.

కొత్త పద్ధతిలో దారులు రెండు. మొదటిది కరెంటు దారి. అది పాతదే. రెండవది కబురు దారి. “వెలుగు” అన్న మాట మన ఫోను నుంచి దీపం దాకా ప్రయాణం చెయ్యాలి. ఆ ప్రయాణం ఎంత దూరమో తెలుసా? కొన్ని ఏర్పాట్లలో మన ఫోను మాట రూటరుకు చేరుతుంది. అక్కడినుంచి ఇంటర్నెట్టులో పడి ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరుకు వెళుతుంది. అక్కడినుంచి వెనక్కి తిరిగి మన రూటరుకే వచ్చి, అప్పుడు దీపాన్ని చేరుతుంది. చెయ్యి చాస్తే అందే దీపానికి కబురు దేశాలు తిరిగి రావచ్చునన్నమాట! మరికొన్ని ఏర్పాట్లలో కబురు ఇల్లు దాటదు. అవి మెరుగైనవి.

ఈ రెండు దారుల్లో తప్పు ఎందులో ఉందో ముందు తెలియాలి. ఒకదాని జబ్బుకు మరొకదానికి మందు వేస్తే ఏం లాభం?

ఒక ఉదాహరణ చూడండి. కొత్తరకం స్విచ్చి పెట్టించాక, ఎల్‌ఈడీ దీపం ఆర్పినా సన్నగా మినుకుమినుకుమంటూ ఉంటుంది. దయ్యం అనుకునేరు! కబుర్లు వినడానికి ఆ స్విచ్చికి ఎప్పుడూ కాస్త కరెంటు కావాలి. అందుకు ఫేజు తీగతోబాటు న్యూట్రల్ తీగ కూడా దానికి అందాలి. ప్లగ్గు ఉన్న బోర్డుల్లో న్యూట్రల్ తీగ ఉంటుంది. ఒంటరిగా దీపం స్విచ్చి ఉన్న చోట లేకపోవచ్చు. అప్పుడు కొన్ని రకాల స్విచ్చిలు తమకు కావలసిన కొద్దిపాటి కరెంటును బల్బులోంచే లాక్కుంటాయి. పాత పీచు బల్బుకు అంత కొద్ది కరెంటు ఒక లెక్కలోకి రాదు. ఎల్‌ఈడీకి మాత్రం మినుకుమనడానికి అదే చాలు. ఇది కరెంటు దారిలోని తప్పు. రూటరును వందసార్లు ఆపి వేసినా ఇది పోదు.

పొయ్యి వెలిగిస్తే దీపం వెలిగింది!

కబురుతో దీపాన్ని వెలిగించడం నిన్న మొన్న పుట్టిన ముచ్చట కాదు. స్కాట్లండులో 1975లో ఎక్స్‌-10 అనే పద్ధతిని తయారుచేశారు. 1978 నాటికి అది అమెరికా దుకాణాల్లో అమ్మకానికి వచ్చింది. అందులో కబురు గాలిలో పోదు. ఇంట్లోని కరెంటు తీగల్లోనే పోతుంది. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. కనుక సెకనుకు 120 సార్లు సున్నాను దాటుతుంది. రద్దీ తగ్గిన ఆ క్షణం చూసి, సెకనుకు 1,20,000 కంపనాలున్న చిన్న సంకేతాన్ని తీగలోకి పంపేవారు. ఒక్కొక్క దీపానికి ఒక చిరునామా. అలాంటి చిరునామాలు మొత్తం 256.

ఎంత చక్కని ఉపాయమో చూశారా? కాని దానికీ చిక్కులు వచ్చాయి. అక్కడి ఇళ్ళకు కరెంటు రెండు పాయలుగా వస్తుంది. మామూలు దీపాలు ఏదో ఒక పాయమీద ఉంటాయి. వంటపొయ్యివంటి పెద్ద పరికరాలు రెండు పాయలనూ వాడుకుంటాయి. మీట ఒక పాయమీదా, దీపం మరొక పాయమీదా ఉంటే కబురు దాటలేక మధ్యలో ఆగిపోయేది. పొయ్యి వెలిగించినప్పుడు మాత్రం రెండు పాయలకూ మధ్య వంతెన పడేది. కబురు దాటిపోయేది. అంటే, వంటింట్లో పొయ్యి వెలిగిస్తే గాని పడకగదిలో దీపం మాట వినదన్నమాట!

ఇక్కడ ఇద్దరు మనుషులను ఊహించుకోండి. మొదటివాడు “ఈ దీపానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెలుగుతుంది” అని ఊరుకున్నాడు. రెండవవాడు ఒక కాగితం తీసుకుని, దీపం వెలిగిన వేళ, వెలగని వేళ, అప్పుడు ఇంట్లో ఏమేమి పనిచేస్తున్నాయి, అన్నీ రాసుకున్నాడు. వారం తిరిగేసరికి పొయ్యి దొరికిపోయింది. ఇద్దరికీ చదువులో తేడా ఏమీ అక్కర్లేదు. ఉన్న తేడా అల్లా ఆ కాగితమే.

ఎక్స్‌-10 తొలి పరికరాలకు మరొక లోపం ఉండేది. అవి మాట పంపేవే గాని జవాబు తెచ్చేవి కావు. పోస్టుకార్డు డబ్బాలో వేసినట్టే. చేరిందో లేదో తెలియదు. ఇప్పటి పరికరాలు చాలావరకు జవాబు ఇస్తాయి. రిజిస్టరు ఉత్తరానికి రసీదు వచ్చినట్టు, “నీ మాట అందింది” అని తిరిగి చెబుతాయి. అయినా ఆ జవాబును పూర్తిగా నమ్మకండి. స్విచ్చిలోని పరికరానికి తన తీగ అతుక్కుందా లేదా అన్నదే తెలుస్తుంది. బల్బు మాడిపోతే దానికేం తెలుసు? ఫోనులో దీపం వెలుగుతూనే ఉంటుంది, గదిలో చీకటిగానే ఉంటుంది. ఫోను చూపించేది ఒక కబురు. కళ్ళు చూసేది నిజం.

సగానికి విరిచి చూడండి

మీరు చెవిలో మాట చెప్పే ఆట ఆడే ఉంటారు. ఎనిమిది మంది వరసగా కూర్చున్నారు. మొదటివాడికి సరైన మాటే చెప్పారు. చివరివాడు మరేదో మాట పలికాడు. తప్పు విన్నది ఎవరు? అందరినీ అడగక్కర్లేదు. ముందు నాలుగోవాణ్ణి అడగండి. అతను సరిగా చెబితే తప్పు తరవాతి నలుగురిలో ఉంది. చెప్పకపోతే మొదటి నలుగురిలో ఉంది. మిగిలిన నలుగుర్ని మళ్ళీ సగం చెయ్యండి. ఇంకోసారి సగం చెయ్యండి. మూడే ప్రశ్నలతో ఆ మనిషి దొరుకుతాడు.

దీపం విషయంలోనూ ఇంతే. దారిని సగానికి విరిచే మొదటి ప్రశ్న ఏమిటి? “గోడమీది మీట నొక్కితే వెలుగుతోందా?” వెలిగితే కరెంటూ, బల్బూ, తీగా అన్నీ బాగున్నట్టే. తప్పు కబురు దారిలోనే ఉంది. వెలగకపోతే ఫోనును తిట్టి ప్రయోజనం లేదు. ఒక్క నొక్కుతో సగం అనుమానాలు ఎగిరిపోయాయి. మీట పీకేసిన ఇంట్లో ఈ ప్రశ్న అడగడానికే వీలుండదు. నేను మీట కోసం ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

తప్పు కబురు దారిలో ఉందని తేలితే మరి నాలుగు ప్రశ్నలు వెయ్యండి.

మాట విననిది ఒక్క దీపమా, అన్ని దీపాలా? అన్నీ అయితే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న రూటరునో ఇంటర్నెట్టునో అనుమానించాలి. ఒక్కటే అయితే ఆ దీపం దగ్గరే చూడాలి.

అదే ఇంట్లో ఇంటర్నెట్టులోని మరో పని, అంటే వార్తలు చదవడమో పాట వినడమో, జరుగుతోందా? జరుగుతుంటే రూటరు దాకా, బయటి దారి దాకా బాగున్నట్టే.

ఈమధ్య ఏదైనా మార్చారా? వైఫై సంకేతపదం మారిస్తే ఫోనుకు కొత్త పదం చెబుతాం, గోడలోని దీపానికి చెప్పడం మరిచిపోతాం. అది పాత పదమే పట్టుకుని తలుపు కొడుతూ ఉంటుంది. మరొక సంగతి: ఇలాంటి దీపాలు చాలావరకు సెకనుకు సుమారు 240 కోట్ల కంపనాలున్న రేడియో తరంగాలతోనే మాట్లాడతాయి. రూటర్లు, ఫోన్లు 500 కోట్ల కంపనాలకు పైబడ్డ తరంగాలను కూడా వాడతాయి. కొత్త రూటరు ఆ రెండో రకం ఒక్కటే వాడేలా అమరి ఉంటే, ఫోనుకు వినిపించే కబురు దీపానికి వినిపించదు.

దీపం ఉన్న చోటు మారిందా? మధ్యలో ఇనుప బీరువా వచ్చిందా? రేడియో తరంగాలకు లోహం పెద్ద అడ్డు.

వీటిలో దేనిని సరిచేసినా ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక చూడండి. చూసింది రాయండి. మూడు ఒకేసారి మారిస్తే దీపం వెలగవచ్చు గాని కారణం దాక్కుంటుంది. “ఆపి మళ్ళీ వెయ్యి” అన్న మందు వాడవద్దని నేననను. కాని అది జ్వరం మాత్రలాంటిది. జ్వరం మాటిమాటికీ వస్తుంటే మాత్రలు మింగుతూ కూర్చుంటామా? ఎన్నిసార్లు ఆపి వెయ్యవలసి వచ్చిందో తేదీలతో రాసిపెట్టండి.

“మీటవల్లే కదా గొడవ!”

ఈ మాట అనేవాళ్ళు ఉన్నారు. వారి వాదంలో నిజం ఉంది. కొన్ని రకాల దీపాలు ఒకదాని కబురు మరొకటి అందిస్తాయి. జిగ్‌బీ అనే పద్ధతి అలాంటిది. హాల్లో దీపానికి అందిన కబురు అక్కడినుంచి వంటింటి దీపానికి పోతుంది. కరెంటు వృథా ఎందుకని మామ్మగారు హాల్లో గోడమీది స్విచ్చి కట్టేశారనుకోండి. హాలు దీపం నిద్రపోయింది. కబురు అందించేది లేక వంటింటి దీపం కూడా చెవిటిదైపోయింది. తప్పు ఒక గదిలో, బాధ మరో గదిలో! అందుకే కొందరు మీటమీద బిళ్ళ అంటించి “ముట్టుకోవద్దు” అని రాస్తున్నారు.

కాని మామ్మగారు చేసిన తప్పేమిటి? దీపం ఆర్పడం తప్పా? తెలివిని బల్బులో పెట్టి, ఆ బల్బుకు కరెంటునిచ్చే మీటను గోడమీద వదిలేసినవారిది తప్పు. తెలివిని స్విచ్చిలోనే పెడితే ఈ చిక్కు ఉండదు. మేడమెట్ల దగ్గర కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి ఉంటాయి చూశారా? ఏది నొక్కినా దీపం మారుతుంది. ఒకటి మరొకదానికి శత్రువు కాదు. చేతి మీటా, ఫోను కబురూ అలా ఉండాలి. కబుర్లు వినే పరికరాన్ని మేడమెట్ల పద్ధతిలోనే కలిపితే, ఆ పరికరం చచ్చిపోయినా చేతి మీట పనిచేస్తుంది. ఇది ఎలక్ట్రీషియను చెయ్యవలసిన పని.

ఈ సూత్రం మన పల్లెల్లో చాలామందికి తెలుసు. పొలంలో మోటారుకు సెల్‌ఫోను స్టార్టరు పెట్టించుకున్న రైతులున్నారు. ఇంటినుంచి ఫోను చేస్తే మోటారు నడుస్తుంది. అలాగని స్టార్టరు పెట్టెమీది పచ్చ బొత్తాన్నీ ఎర్ర బొత్తాన్నీ ఎవరూ పీకెయ్యలేదు. సిగ్నలు అందని రోజున పైరు ఎండకూడదని వారికి తెలుసు.

కొత్త పద్ధతులు వద్దనడం కూడా నా ఉద్దేశం కాదు. మంచం దిగలేనివారికి, చెయ్యి ఎత్తలేనివారికి, నోటిమాటతో వెలిగే దీపం గొప్ప వరం. అలాంటివారికి కబురు దారి తెగిపోతే కష్టం మరీ ఎక్కువ. కనుక దానిని బాగుచెయ్యడం ఇంట్లో ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి. అది మీరే ఎందుకు కాకూడదు?

కొనేముందు మూడు ప్రశ్నలు

మీ ఇంట్లో ఇలాంటి దీపాలు కొనబోతుంటే పెద్దవాళ్ళ చేత దుకాణంలో మూడు ప్రశ్నలు అడిగించండి. ఫోను లేకపోతే ఇది వెలుగుతుందా? ఇంటర్నెట్టు పోతే వెలుగుతుందా? దీన్ని తయారుచేసిన కంపెనీ మూతబడితే వెలుగుతుందా?

మూడవ ప్రశ్న విని నవ్వకండి. అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే పేరుతో ఇలాంటి పరికరాలు అమ్మేవారు. 2022 ఏప్రిల్‌లో ఆ సంస్థ కంప్యూటర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. ఫోన్లో దీపాలను నడిపించేవారికి ఒక్కసారిగా ఏమీ తోచలేదు. కాని ఆ సంస్థ గోడ స్విచ్చిలు చేత్తో నొక్కితే పనిచేస్తూనే ఉన్నాయి. ఆ ఏడాది జూన్‌లో వాడకందార్లే కొందరు కలిసి ఆ సంస్థను కొని మళ్ళీ నడిపించారు. ఆ రెండు నెలలూ ఇళ్ళు చీకటిపాలు కాకుండా కాపాడింది ఏది? గోడమీది మీటే!

ఒక హెచ్చరిక. మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది పిల్లలనీ పెద్దలనీ చూడదు. స్విచ్చి బోర్డు విప్పకండి, తీగలు ముట్టుకోకండి. మీట నొక్కడం, కళ్ళతో చూడడం, ప్రశ్నలు అడగడం, రాయడం, ఇవే మీ పనులు. తప్పు కరెంటు దారిలో ఉందని తేలితే ఎలక్ట్రీషియనును పిలిపించండి. మీరు రాసిన కాగితం అతని చేతికివ్వండి. సగం పని మీరే చేసిపెట్టారని అతను సంతోషిస్తాడు.

ఇంట్లో ఇలాంటి దీపాలు లేనివారు చిన్నబుచ్చుకోకండి. వీధి దీపం, బడి గంట, నీళ్ళ ట్యాంకు మోటారు, ఏదో ఒకటి తీసుకోండి. కరెంటు దారిని ఒక రంగుతో, కబురు దారిని మరో రంగుతో గీయండి. కబురు దారిలో ఎన్ని మజిలీలున్నాయో లెక్కపెట్టండి. తరవాత, అవన్నీ ఒకేసారి ఆగిపోతే మనిషి చెయ్యి పెట్టడానికి చోటు ఎక్కడుందో వెతికి అక్కడ ఒక చుక్క పెట్టండి. చుక్క పెట్టడానికి చోటు దొరక్కపోతే ఆ బొమ్మ పట్టుకెళ్ళి మీ సైన్సు మాస్టారికి చూపించి, “ఇది పాడైతే ఏం చేస్తామండీ?” అని అడగండి.